ఫస్టియర్ పిల్లోళ్లను ఉన్నట్టుండి ఇంటికి పంపి క్లాసులు ఫోన్లో పెట్టినారు. వీళ్లు కూడా నాలాగా కాకుండా ఏం చేయాలి?

మిద్దెమీది సిగ్నల్ (అనంతపురం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తా. చేరి ఎక్కువ రోజులు కాలేదు. ఈసారి ఫస్టియర్ క్లాసులు మొదలై పదకొండు రోజులయిందో లేదో, హాస్టల్లో ముగ్గురికి పచ్చకామెర్లు వచ్చినాయి. ట్యాంకు కడిగి, పైపులు మార్చి, నీళ్లు పరీక్ష చేయించేదాకా మూడు వారాలు ఫస్టియర్ మొత్తానికి ఆన్‌లైన్ క్లాసులే అన్నారు. సాయంత్రం నాలుగింటికి చెప్పినారు. పొద్దున ఆరింటికల్లా పిల్లోళ్లు బ్యాగులు, బకెట్లు పట్టుకుని బస్టాండులో ఉన్నారు. వారం కిందనే కొన్న కొత్త బకెట్లు, ఇంకా ధర చీటీ కూడా ఊడలేదు.

మేనేజ్‌మెంటు లెక్కలో సమస్య తీరిపోయింది. టైంటేబుల్ అదే, లింకులు పోయినాయి, హాజరు ఎక్కుతాంది. నాకే నిద్ర పట్టడం లేదు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

నాది 2020 బ్యాచ్. పత్తికొండ పక్క పల్లె. మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ చేసింది ఆ ఏడే. నెట్ సెంటరాయన నా ఆప్షన్లు ఆయనే పెట్టేసినాడు, కర్నూల్లో ఒక కాలేజీలో ఎంపీసీఎస్ సీటొచ్చింది. కాలేజీ గేటు చూడకముందే కాలేజీ వాట్సాప్ గ్రూపులో చేరిపోయినా. నూటా నలభై మంది. సగం మంది డీపీలు పూలు, హీరోలు, వెంకటేశ్వరస్వామి. మా ఇంట్లో సిగ్నల్ వచ్చేది మిద్దె మీద తూర్పు మూలన ఒక్కచోటే, అదీ రెండు గీతలు. అక్కడ గొడుగు కట్టుకుని కూర్చునేదాన్ని. మా జేజి కిందనుంచి "ఏం మే, కాలేజీ ఆ డబ్బాలోనే ఉందా, అన్నం కూడా అందులోనే పెడతారా?" అని అరిచేది. మ్యూట్‌లో ఉన్నా కాబట్టి బతికిపోయినా.

ఫిబ్రవరిలో మా ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే సుగ్గికి పోయినారు, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. వయసొచ్చిన పిల్లను ఒక్కదాన్ని ఇంట్లో వదలరు కదా, నన్నూ తీసుకుపోయినారు. చేని గట్టున టార్పాలిన్ గుడిసె, ఛార్జింగుకు ఊళ్లోకి పోయి కిరాణా అంగట్లో ఇచ్చి రావాల. మూడు వారాలు ఒక్క క్లాసుకూ పోలేదు. తిరిగొచ్చి మిద్దెక్కి లింకు నొక్కినా. సారు డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో నాలుగో చాప్టర్లో ఉన్నాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పాఠం పోయినందుకు నాకు బాధ లేదు. గ్రూపులో అడిగితే ఒకమ్మాయి నోట్సు పీడీఎఫ్ పంపింది, పాపం మంచి పిల్లే. కానీ మూడు వారాలు నేను లేనని నూటా నలభై మందిలో ఒక్కరికీ తెలియలేదు. అదే ఇంటర్‌లో అయితే రెండు రోజులు రాకపోతే మూడోరోజు పక్క బెంచీ పిల్ల బస్టాండులోనే జడ పట్టుకుని "యాడ సచ్చినావే?" అనేది. ఆ మాట ఎంత విలువైందో నాకు గుంటూరు నుంచి వచ్చినాకే తెలిసింది.

తర్వాత కొన్నాళ్లు పిలిచినారు, ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి మళ్లీ మూసినారు. సెకండియర్ నుంచి మామూలుగానే పోయినా. అప్పటికి కర్నూలు టౌను పిల్లలు ఒక జట్టు, హాస్టల్ వాళ్లు ఒక జట్టు. ఎవరూ నన్ను తోసేయలేదు, పిలవనూ లేదు. మార్కులు బాగానే వచ్చినాయి. మొన్న పాత విద్యార్థుల కలయిక అని పిలుపొచ్చింది, పోలేదు. పోయి ఎవరి పక్కన కూర్చోవాల? ఇప్పటికీ నా నోట "మా కాలేజీ" అనే మాట రాదు. "నేను చదివిన కాలేజీ" అంటా.

మూడు వారాలే కదా అనొద్దు. పదకొండు రోజులంటే పక్కవాడి పేరు కూడా సరిగా తెలీదు. అరవై రెండు మంది ఉన్నారు. పాఠం ఎట్ల చెప్పాలో నాకు తెలుసు, అది అడగడం లేదు. తెగబోయే ఆ దారం తెగకుండా ఏం చేయొచ్చు? అప్పట్లో ఫస్టియర్లో ఉన్నోళ్లు, అప్పుడు పాఠాలు చెప్పినోళ్లు చెప్పండి. యూట్యూబ్ లింకులు మాత్రం వద్దు.

ఆదోని బస్సు

అక్కా, నాది మీకంటే ఒక బ్యాచ్ ముందు. 2019, బీటెక్, అనంతపురమే. 2020 మార్చి 19 నుంచి కాలేజీలు మూసినారు, మాకు రెండో సెమిస్టరు సగంలో ఉంది. పదిహేను రోజుల్లో తెరుస్తారనుకుని రూములో తాడు మీద ఆరేసిన లుంగీ కూడా తీయకుండా ఊరికొచ్చేసినా. మళ్లీ ఆ లుంగీని చూసింది ఎనిమిది నెలలకు. దాని మీద బల్లి గుడ్లు పెట్టింది.

నేను చెప్పేదేమంటే, మాకు అప్పటికే ఏడు నెలలు దొరికినాయి. తర్వాత ఆన్‌లైన్ అంతా ఆ ఏడు నెలల పుణ్యం తిని బతికినాం. రాత్రి పదికి ఐదుగురం మీట్ పెట్టుకునేవాళ్లం. చదవడానికి కాదు. ఒకడు బుడ్డలు ఒలిచేవాడు, ఒకడు వాళ్ల నాయనతో తిట్లు తినేవాడు, మేం వినేవాళ్లం. అంతే పని.

నా తమ్ముడు మీ బ్యాచే, 2020లో మా కాలేజీలోనే చేరినాడు. అప్పటికి ఇంట్లో వైఫై పెట్టించినాం, ఫోను నా దానికంటే మంచిది. ఆరు నెలలైనాక "మీ క్లాసులో ఎవరెవరున్నార్రా" అని అడిగితే మూడు పేర్లు చెప్పినాడు. ఒకడు క్లాస్ లీడరు. ఒకడు సార్లను ఎప్పుడూ డౌట్లు అడిగేవాడు. మూడోవాడు మైకు ఆపడం మరిచిపోయేవాడంట, వాళ్లింటి కోడి అరుపు క్లాసంతటికీ తెలుసు. ఒకే కాలేజీ, ఒకే ఇల్లు, వాడి నెట్టే బాగుంది. అయినా నాకున్నది వాడికి లేదు. అందుకే నెట్టు బాగుంటే అన్నీ బాగుంటాయి అనేవాళ్లను నేను నమ్మను.

మేం ఫ్రెండ్సయింది క్లాసులో కాదక్కా. టవర్‌క్లాక్ దగ్గర ఉగ్గాని బండి కాడ, సారు రాని పీరియడ్లో, బస్సు కోసం నిలబడిన గంటలో. ఆన్‌లైన్‌లో పాఠం వస్తుంది, ఆ పనికిమాలిన గంట రాదు. సరిగ్గా తొమ్మిదికి లింకు తెరుచుకుంటుంది, పదికి మూసుకుంటుంది. కాబట్టి ఒకటి చేయండి. తొమ్మిదింటి క్లాసుకు ఎనిమిది నలభై ఐదుకే లింకు తెరిచి మీరు పక్కకు పోండి. మీరుంటే ఎవడూ నోరు తెరవడు.

కడప పాత మాష్టారు

అమ్మా, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. "నన్ను ఎవరూ ఏమీ అడగలేదు" అన్న మీ మాట దగ్గర ఆగిపోయి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను.

2021లో నా ఫస్టియర్ క్లాసులో ఒక పిల్లవాడి పేరు తెర మీద "రెడ్‌మీ 6ఏ" అని కనిపించేది. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఇంట్లో అదొక్కటే ఫోను కాబోలు, పేరు మార్చుకోవడం తెలియదు. నేను హాజరు పిలిచేటప్పుడు "రెడ్‌మీ ఉన్నావా" అనేవాణ్ణి. "ఉన్నా సార్" అనేవాడు. సెమిస్టరంతా అలాగే గడిచింది. పరీక్ష రోజు హాలులో జవాబు పత్రం మీద సంతకం చేస్తుంటే మెల్లగా "సార్, రెడ్‌మీ నేనే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆరు నెలలు నేను ఒక ఫోనుకు పాఠం చెప్పాను. మీరు మొట్టమొదట చేయవలసిన పని అది. అరవై రెండు మంది పేర్లు తెర మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో సరిగ్గా ఉండాలి, పక్కన ఊరి పేరు ఉండాలి. ఎలా మార్చాలో ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో మెసేజి పెట్టి చేతులు దులుపుకోవద్దు.

రెండోది. విన్సెంట్ టింటో అని అమెరికాలో ఒక విద్యావేత్త. పిల్లలు కాలేజీ మధ్యలో ఎందుకు మానేస్తారన్న దాని మీద 1975లో ఒక సిద్ధాంతం రాశాడు. చదువుతో ముడి, మనుషులతో ముడి, ఈ రెండూ పడితేనే పిల్లవాడు నిలుస్తాడని దాని సారం. హాస్టల్లో ఉండకుండా ఇంటినుంచి వచ్చిపోయే పిల్లలకు ఆ రెండు ముళ్లూ పడే చోటు తరగతి గదే అని కూడా ఆయన తర్వాత గట్టిగా చెప్పాడు. మా దగ్గర ఎర్రగుంట్ల, కమలాపురం, వేంపల్లె నుంచి బస్సు పాసుల మీద వచ్చే పిల్లలే సగం మంది. సాయంత్రం నాలుగయితే వాళ్ల కళ్లు గడియారం మీద ఉంటాయి. వాళ్లకు కాలేజీ అంటే ఆ గదీ, ఆ బస్సూ. ఆన్‌లైన్ పెట్టిన రోజు ఆ రెండూ ఒకేసారి పోయాయి.

కాబట్టి గుంపులు చేయండి. రోల్ నంబర్ల ప్రకారం కాదు, బస్సు దారి ప్రకారం. తాడిపత్రి దారి వాళ్లు ఒక గుంపు, కల్యాణదుర్గం దారి ఒకటి, ధర్మవరం, గుంతకల్లు ఇలా. గుంపుకు ఆరేడుగురు మించవద్దు. కాలేజీ తెరిచాక వాళ్లే ఒకే బస్సులో కలుస్తారు, పరిచయం వృథా పోదు. ఎవరైనా ఒక రోజు రాకపోతే సాయంత్రంలోగా ఆ గుంపులోవాళ్లు ఫోన్ చేయాలి. మీరు చేస్తే అది విచారణ అవుతుంది, వాళ్లు చేస్తే పలకరింపు అవుతుంది.

మూడోది మీ సీనియర్ల చేత చేయించండి. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఫస్టియర్ పిల్లలతో ఒక ప్రయోగం చేసి 2011లో ప్రచురించారు. వాళ్లు చేసింది గంటసేపు పని. "నేను ఇక్కడికి తగనేమో అని మొదట్లో మాకూ అనిపించింది, పోనుపోను తగ్గింది" అని సీనియర్లు చెప్పిన మాటలు పిల్లల చేత చదివించారు, తర్వాత తమ అనుభవం తమ మాటల్లో రాయించారు. మూడేళ్లపాటు చూస్తే, ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి పిల్లలతో ఉన్న తేడా సగానికి తగ్గింది. అక్కడ జరిగింది ఇక్కడా అచ్చం అలాగే జరుగుతుందని నేననను. కానీ తనకొక్కడికే ఇలా ఉందని పిల్లవాడు అనుకోవడమే అసలు రోగమన్నది నా అనుభవంలోనూ నిజం. కడపలో ఇరవై ఆరేళ్లలో ఫస్టియర్ పిల్లలు నాతో చెప్పుకున్న రహస్యం ఒకటే: "అందరికీ అర్థమవుతోంది సార్, నాకే కావడం లేదు." అందరూ అదే చెప్పారు, ఎవరికివాళ్లు తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి.

ఓపెన్ డిగ్రీ

ఇదంతా మరీ సున్నితం అయిపోయినారు మీరు. నేను అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేసినా. పుస్తకాలు ఇచ్చేవాళ్లు, ఆదివారం కాంటాక్టు క్లాసులు, అంతే. నాది కాలేజీ కాదు అని ఎవరం ఏడవలేదు.

మిద్దెమీది సిగ్నల్

అన్నా, మీరు అది అట్లాగే ఉంటుందని తెలిసి చేరినారు. మా పిల్లోళ్లు బకెట్ కొనుక్కుని వచ్చినారు. ఇంకో మాట, ఆదివారం క్లాసు అయినాక టీ తాగడానికి ఎవరితోనన్నా పోయేవాళ్లా?

ఓపెన్ డిగ్రీ

పోయేవాళ్లం. నలుగురం. ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. సరే, అర్థమయింది.

ప్రొద్దుటూరు చెల్లెలు

అందరూ ఒకే పక్క మాట్లాడుతున్నారు, నేను రెండో పక్క చెప్తా. నాకు నత్తి. ఇంటర్ రెండేళ్లు క్లాసులో నేను నోరు తెరవలేదు. పేరు చెప్పమంటేనే "ప" దగ్గర ఆగిపోయేదాన్ని, వెనక బెంచీల్లో నవ్వులు. డిగ్రీ ఫస్టియర్ ఆన్‌లైన్ అనగానే మా ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నా.

చాట్‌లో టైపు చేసేదాన్ని. వేళ్లకు నత్తి లేదు కదా. రెండో వారంలో కెమిస్ట్రీ మేడం నేను రాసిన జవాబు పైకి చదివి "ఎవరమ్మా ఇది, బాగా రాసింది" అన్నారు. పదమూడేళ్లు బడికి పోయినా, ఒక క్లాసులో నాకు చోటుంది అనిపించింది ఆ రోజే. మా వంటింట్లో, గ్యాస్ సిలిండర్ పక్కన.

తమాషా ఏమంటే, కాలేజీ తెరిచినాక ఆ చాట్‌లో రాసే అమ్మాయి నేనేనని ఎవరికీ తెలియలేదు. మళ్లీ నోరు మూసుకున్న పిల్లనైపోయినా. కాబట్టి అక్కా, మాట్లాడించండి మాట్లాడించండి అని మైకు ఆన్ చేయమని వెంటపడొద్దు. రాసేవాళ్లను రాయనీయండి, కానీ రాసినప్పుడు పేరు పెట్టి పిలవండి. తిరిగి కాలేజీకి వచ్చినాక "చాట్‌లో ఫలానా జవాబు రాసింది నువ్వే కదా" అని అందరి ముందు ఒక్కసారి అనండి. నాకు ఎవరూ అట్ల అనలేదు.

కెమెరా సంగతి కూడా. మా క్లాసులో ఒక సారు కెమెరా ఆన్ చేయకపోతే ఆబ్సెంట్ వేస్తా అన్నాడు. ఒకమ్మాయి రోజూ వెనక ఒకే పచ్చ చీర కట్టి కూర్చునేది. స్టైల్ అనుకున్నాం. వాళ్లది ఒకటే గది ఇల్లు, చీర వెనక మంచం మీద పక్షవాతం వచ్చిన తాత ఉన్నాడని తర్వాతెప్పుడో తెలిసింది. గ్రామాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు 15 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం అని 2017-18 జాతీయ నమూనా సర్వేలో తేలింది. ఆన్‌లైన్ మా మీద పడింది ఆ తర్వాత రెండేళ్లకే. ఇప్పుడు నెట్ అందరికీ వచ్చింది సరే, వేరే గది అందరికీ వచ్చిందా?

మిద్దెమీది సిగ్నల్

పన్నెండు రోజుల తర్వాత రాస్తాండా. అందరికీ దండాలు, ముఖ్యంగా మాష్టారికి. ఏం చేసినానో, ఏది తప్పిందో చెప్తా.

పేర్లతో మొదలుపెట్టినా. నా క్లాసులో కూడా నలుగురు "వివో"లు, ఇద్దరు "రియల్‌మీ"లు, ఒక "మమ్మీ ఫోన్" బయటపడినారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మార్పించినా, ఊరు పేరు పెట్టించినా. ఒక పూట పట్టింది. ఆ "మమ్మీ ఫోన్" ఎవరో కాదు, ఆరడుగుల పిల్లోడు.

సీనియర్ల ఉత్తరాలు అనుకున్నదానికంటే బాగా పనిచేసినాయి. నాకు అందులో పెద్దగా నమ్మకం లేకుండా ఉండింది, సలహాలూ సూక్తులూ రాస్తారనుకున్నా. ఒక ఫైనలియర్ అమ్మాయి, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల, "మొదటి నెల రోజూ మధ్యాహ్నం బాత్రూంలో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చేదాన్ని, క్యారియర్ ఎవరితో కలిసి తినాలో తెలియక" అని రాసింది. అది చదివినాక చాట్‌లో చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒకరు "నేను కూడా" అని పెట్టినారు. ఆ తర్వాత వరుసగా పంతొమ్మిది "నేను కూడా"లు.

ఆదోని అన్న చెప్పిన పదిహేను నిమిషాల లింకు మాత్రం మొదట్లో బెడిసికొట్టింది. మూడు రోజులు నేను బయటికి పోయి, తొమ్మిదికి వచ్చి చూస్తే నలభై మంది మ్యూట్‌లో శవాల్లాగా ఉన్నారు. ఖాళీ టైం ఇస్తే సరిపోదు, ఏదో ఒకటి రాజుకోవాల. నాలుగో రోజు అది నా అమాయకత్వం వల్లే రాజుకుంది. నేను కర్నూలు పక్క దాన్ని, అనంతపురం జిల్లా ఊళ్లన్నీ నాకు తెలియవు. తెర మీద ఒకమ్మాయి ఊరు పేరు పెట్టడం మరిచిపోయింది.

"నువ్వు యాడ నుంచి పాపా?"

"యాడికి మేడం."

"యాడికి అంటావేం? నేనే నిన్ను అడుగుతాండా, ఏ ఊరని."

"యాడికి మేడం."

"అమ్మా, నువ్వు యాడికీ పోవద్దు, ఊరి పేరు చెప్పు చాలు."

నలభై మైకులు ఒక్కసారి తెరుచుకున్నాయి. తాడిపత్రి దారి గుంపు వాళ్లయితే పడీపడీ నవ్వినారు. ఎవరి ఇంట్లోనో ఒక పెద్దాయన కూడా నవ్వుతాన్నాడు, వెనకనుంచి వినిపించింది. యాడికి అని మండలమే ఉందని, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలూ ఉండేది ఆ పక్కనేనని క్లాసంతా కలిసి నాకు పాఠం చెప్పినారు. పదినిమిషాలు లెక్కలు పోయినాయి. పోనీ. ఆ రోజునుంచి ఎనిమిది నలభై ఐదుకు లింకు తెరిస్తే గోల.

ప్రొద్దుటూరు చెల్లెలు చెప్పినట్టు కెమెరా జోలికి పోలేదు. చాట్‌లో మాత్రమే పలికే పిల్లలు ముగ్గురు ఉన్నారు, పేర్లు డైరీలో రాసిపెట్టుకున్నా. వచ్చే సోమవారం కాలేజీ తెరుస్తారు, ఆ ముగ్గురి సంగతి అప్పుడు.

ఇద్దరు మానేసినారు. ఒకడు బెంగుళూరులో పనికి పోయినాడు, ఇంకొకరికి పెళ్లి కుదిరింది. ఆ ఇద్దరికీ వాళ్ల గుంపులోవాళ్లు ఫోన్లు చేసినారు, నేనూ చేసినా. లాభం లేకపోయింది.

నిన్న పొద్దున తొమ్మిదికి లింకులోకి పోయి హాజరు తీయబోతే, నేను నోరు తెరవకముందే చాట్‌లో ముగ్గురు ముగ్గురూ ఒకటే అడిగినారు:

"మేడం, యాడికి పాప యాడికి పోయింది?"

వాళ్ల జేజికి బాగలేక తాడిపత్రి ఆస్పత్రికి తీసుకుపోయిందంట. గుంతకల్లు దారి పిల్ల ఒకతి అప్పటికే ఫోన్ చేసి కనుక్కునింది, ఆమెది ఆ గుంపు కూడా కాదు.